రాళ్ళను దాచిన మేలు

పనికిమాలిన వస్తువును చూచి "అది వట్టి రాయి" యనుట లోకమున వాడుక. ఈ మాట అన్ని రాళ్ళకును చెల్లదని నా యభిప్రాయము. కొన్ని రాళ్ళు పుస్తకముల వంటివి. చదువువాడు వచ్చువఱకు వానిని కాపాడుట మన విధి. ఇందులకు ఇండోహయస్ అను జంతువు కథయే నిదర్శనము.

ఇండోహయస్ డెక్కలుగల చిన్న జంతువు. ఇంచుమించు పిల్లియంత యుండి, రూపమున మన యడవులలోని మూషిక జింకను పోలియుండెడిది. సుమారు 4 కోట్ల 80 లక్షల సంవత్సరములకు పూర్వము నేటి జమ్మూ ప్రాంతమున నివసించి, పిదప అంతరించినది. భూగర్భశాస్త్రజ్ఞుడైన ఏ. రంగారావు అచ్చటి కాలాకోట్ వద్ద శిలలను సేకరించి, కొన్ని పళ్ళను, దవడ ముక్కను పరిశీలించి, 1971లో దీనికి పేరు పెట్టెను. 'భారతదేశపు పంది' యని యా పేరునకు అర్థము. తక్కిన రాళ్ళు అట్లే యుండగా ఆయన కాలధర్మము నొందెను.

ఆయన భార్య ఆ రాళ్ళను పాఱవేయక దాచి, తెవిసెన్ అను శాస్త్రజ్ఞునకు అప్పగించెను. వానిని శుభ్రపఱచుచుండగా ఒక పుఱ్ఱె పొరపాటున విరిగి, చెవి యెముక బయల్పడెను. దాని గోడ ఒకవైపున మిక్కిలి దళసరిగా నుండెను. అట్టి నిర్మాణము అంతవఱకు తిమింగిలముల వంశమునందే ప్రసిద్ధము! కాళ్ళ యెముకలును దళసరివే. నీట తేలిపోక అడుగున నడచుటకు ఆ బరువు తోడ్పడును. పళ్ళలోని ఆక్సిజన్ పరీక్షయు అది నీటియందు చాల కాలము గడపెడిదని తెలిపెను. తిమింగిలములకు మిక్కిలి దగ్గఱి చుట్టములు ఈ కుటుంబపు జంతువులే యని తెవిసెన్, సునీల్ బాజ్‌పాయి మొదలగువారు 2007లో ప్రకటించిరి.

ఇట్టి విద్య ఆకలి తీర్చునా యని కొందఱు ప్రశ్నింపవచ్చును. తీర్చదు, కాని మహాసముద్రమును ఏలు తిమింగిలము నేలపై నడచిన జీవుల సంతతి యని తెలిసికొనుట మానవబుద్ధికి తక్కువ భోజనము కాదు. ఆ రాళ్ళు గోడకట్టుటకో గుంట పూడ్చుటకో పోయియుండినచో, ఈ సాక్ష్యము మనకు దక్కెడిదా? ధనము పోయిన మరల గడింపవచ్చును. పగిలి పొడియైన శిలాజమును మరల చేయగలవారు లేరు.

కావున విద్యార్థులారా, రాతిలో ఎముకయో గవ్వయో కనబడినచో సుత్తితో కొట్టకుడు. దొరకిన చోటును వ్రాసికొని ఉపాధ్యాయులకు తెలుపుడు. చోటు తెలియని శిలాజము సగము చెఱగిన గ్రంథము. మీరు చదువలేని దానిని రేపటివారు చదువగలరు. వారికొఱకు దానిని నిలుపుటయు విద్యయే.