లెక్క చూపని గడి



ఈ మాసము కంప్యూటరు లెక్కలను గూర్చి వ్రాయుచున్నాము. పల్లెటూరి కుటుంబములకు ఇది ఎందుకని కొందరు అనుకొనవచ్చును. ఐతే ఈ దినములలో పాల లెక్క, పొదుపు లెక్క, పెండ్లి చదివింపుల లెక్క సహితము పిల్లలు ఎక్సెల్ షీటులోనికి ఎక్కించుచున్నారు. పెద్దలు నోటుపుస్తకము మూసివేసి, పిల్లవాడు చూపిన అంకెనే నమ్ముచున్నారు. ఆ అంకెవలన ఒక తల్లి పడిన బాధను మేము కండ్లార చూశాము గనుక ఈ సంగతి ఎత్తుకొన్నాము.

ఊరి పేరు చెప్పము. మంచినీళ్ల బోరు మోటారు కాలిపోతే 46 ఇండ్లవారు ఇంటికి 1,000 రూపాయల చొప్పున వేసుకొన్నారు. 46,000 రూపాయలు పోగైనవి. ఆ డబ్బు దాచి ఖర్చు పెట్టే పని ఒక సహోదరికి అప్పగించారు. ఆమె చదివినది ఏడవ తరగతి. చీటీలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో వేసి, మోటారు బాగైన తరువాత డిగ్రీ చదువుచున్న కుమారునిచేత లెక్క కట్టించినది. సాయంత్రము రచ్చబండ దగ్గర అందరి యెదుట లెక్క చెప్పవలెను. మధ్యాహ్నము రెండు గంటలకు తల్లీకొడుకులు లాప్‌టాప్ పట్టుకొని మా యింటికి వచ్చారు.

"అయ్యగారండీ, మొత్తం రావట్లేదండి. నేనేం కొట్టానో అదే కనబడతా ఉంది" అన్నాడు కుర్రవాడు.

చూశాము. పదిహేడు ఖర్చులు వరుసగా ఉన్నవి. మొత్తము ఉండవలసిన గడిలో =సమ్(సి2:సి18) అని అతడు కొట్టిన ఫార్ములా అక్షరాలా నిలిచియున్నది. మిగులు చూపవలసిన గడి కూడ అంతే. (షీటులో అవి ఇంగ్లీషు అక్షరములే. మేము తెలుగులో వ్రాయుచున్నాము.)

ఇది ఎందుకు జరుగునో తెలియుటకు కొంచెము వెనుకకు పోవలెను. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను ఇద్దరు అమెరికా దేశస్థులు విసికాల్క్ అను లెక్కల షీటును ఆపిల్ 2 కంప్యూటరు కొరకు తెచ్చారు. నల్లబల్లమీద ఒక అంకె మారితే దానితోకూడ మిగిలినవన్నీ చెరిపి వ్రాయవలసి వచ్చుట చూచి బ్రిక్లిన్‌కు ఆ తలంపు పుట్టినదట. ఆనాటినుండి ప్రతి గడికి ఒకటే ప్రశ్న. నాలో వ్రాసినది మాటయా, లెక్కయా? మాటయైతే వ్రాసినది వ్రాసినట్లు చూపును. లెక్కయైతే కట్టి జవాబు చూపును. 1985లో వచ్చిన ఎక్సెల్ కూడ ఆ దారినే నడుచుచున్నది. సమానము గుర్తుతో మొదలైతే లెక్క అని గ్రహించును. కాని ఆ గడిని ముందుగానే టెక్స్ట్ అని, అనగా మాట అని, మనము నిర్ణయించియుంటే సమానము గుర్తును సహితము లక్ష్యపెట్టదు.

కుర్రవాడు చేసినది అదే. ఆ నిలువు వరుసలో మొదట ఇండ్ల నంబర్లు వ్రాసుకొన్నాడు. 4-12 అని కొట్టితే ఎక్సెల్ దానిని తారీకుగా మార్చివేయును గనుక వరుసంతటికీ టెక్స్ట్ అని పెట్టాడు. తరువాత నంబర్లు చెరిపివేశాడు. చెరిపినప్పుడు అంకెలు పోవునుగాని గడికి పెట్టిన గుణము పోదు.

హోమ్ అను చోట టెక్స్ట్ తీసి జనరల్ అని పెట్టించాము. "అయినా రాలేదండి" అన్నాడు. అనేకులు ఇక్కడే విసిగి విడిచిపెట్టుదురు. గుణము మార్చినంత మాత్రమున లోపలి మాట లెక్క కాదు. గడిమీద నిలిచి ఎఫ్ 2 మీట నొక్కి, ఎంటర్ కొట్టవలెను. కొన్ని లాప్‌టాప్‌లలో దానితోకూడ ఎఫ్ఎన్ మీట పట్టుకొనవలెను. రెండు గడులకూ అలా చేయించాము.

షీటంతటా ఫార్ములాలే కనబడుచున్నట్లయితే సంగతి వేరు. అంకె 1కి ఎడమ ప్రక్కన, ఎస్కేప్ క్రింద ఉండే మీటను కంట్రోల్‌తో కలిపి ఎవరో పొరపాటున నొక్కియుందురు. మరల నొక్కితే పోవును. ఒక్క గడిలోనే ఉండి, అది టెక్స్ట్ కూడ కాకపోతే, పైనున్న ఫార్ములా బార్‌లో సమానము గుర్తుకు ముందు ఒంటి కొటేషన్ గుర్తు ఉన్నదేమో చూడవలెను. గడిలో అది కంటికి కనబడదు. ఉంటే తీసివేయవలెను.

జవాబు వచ్చినది. ఖర్చు 31,350. మిగులు 14,650. కుర్రవాడు సంతోషించాడు. తల్లి మాత్రము మాట్లాడలేదు. చేతిసంచిలోనుండి డబ్బా తీసి నోట్లు లెక్కపెట్టినది. రెండుసార్లు లెక్కపెట్టినది. 6,200 ఉన్నవి.

"అమ్మా, ఇంకెక్కడైనా పెట్టావేమో చూసుకో" అన్నాడు కొడుకు.

వాడు చెడ్డ తలంపుతో అనలేదు. ఐనను ఆమె ముఖము వాడిపోయినది. మేము చెప్పుటకు సిగ్గుపడుచున్నాము, ఆ క్షణమున మేము కూడ ఆమె వైపు చూడలేక షీటు వైపు చూశాము. యంత్రము చెప్పినది గనుక 8,450 రూపాయలు ఆమె దగ్గరనే పోయినవని మాకును అనిపించినది. సాయంత్రము 46 ఇండ్లవారికి మాత్రము వేరుగా అనిపించునా?

మొదట ఎఫ్ 9 నొక్కి చూశాము. కొన్నిసార్లు ఎక్సెల్ తనంతట తాను లెక్క కట్టక పాత జవాబునే చూపుచుండును. ఫార్ములాస్ అను చోట కాల్కులేషన్ ఆప్షన్స్‌లో మాన్యువల్ అని ఉంటే ఇట్లు జరుగును. ఇంకొక చిక్కు ఏమనగా, మొదట తెరచిన ఫైలులో మాన్యువల్ ఉంటే దాని తరువాత తెరచిన ఫైళ్లకు కూడ అదే వర్తించును. ఇక్కడ ఆటోమేటిక్ అనియే ఉన్నది. జవాబు మారలేదు.

అప్పుడు కంటబడినది. ఖర్చుల వరుసలో పదునాలుగు అంకెలు గడికి కుడి ప్రక్కన ఆనుకొని ఉన్నవి. మూడు మాత్రము ఎడమ ప్రక్కకు జరిగియున్నవి. మోటారు వైండింగు 5,000/-. కూలీలు 2,250/-. ట్రాక్టరు అద్దె 1,200/-.

మన చేతివ్రాతలో అంకె చివర ఈ గీతలు పెట్టుట వాడుక. తరువాత ఎవరూ సున్న చేర్చకుండునట్లు పెద్దలు పెట్టిన కాపుదల అది. ఆ మూడు చీటీలమీద అలాగే ఉన్నది గనుక కుర్రవాడు ఉన్నది ఉన్నట్లు కొట్టాడు. ఎక్సెల్‌కు 5,000 అంకె. 5,000/- మాట. సమ్ అను ఫార్ములా వరుసలోని మాటలను కూడదు, ప్రక్కకు పెట్టి పోవును. పెట్టితినని చెప్పదు. ఒక్కొక్క గడిని ప్లస్ గుర్తుతో కూడియుంటే వెంటనే వాల్యూ అను తప్పు చూపి అరచియుండును. ఉత్త అంకెనే టెక్స్ట్‌గా దాచియుంటే గడి మూలలో చిన్న ఆకుపచ్చ ముక్కోణమైనను రావచ్చును. 5,000/- విషయములో అదియు రాదు. ఫోనులో వాడే గూగుల్ షీట్స్‌లో కూడ ఈ గీతలతో ఇదే తంటా.

ఫార్ములా జవాబు చూపకపోతే చూపలేదని మనకు తెలియును, ఎవరినైనను అడుగుదుము. మూడు ఖర్చులు విడిచిపెట్టి చక్కగా 31,350 అని చూపినప్పుడు ఎవరిని అడుగుదుము? ఇంటి మనిషినే అడిగాము.

ఆ వరుసను ఎంచి, కంట్రోల్, హెచ్ కలిపి నొక్కి, వెదకు చోట /- వ్రాసి, దానికి బదులు పెట్టు చోట ఏమియు వ్రాయక, రిప్లేస్ ఆల్ కొట్టించాము. మూడు అంకెలును కుడి ప్రక్కకు జరిగినవి. ఖర్చు 39,800. మిగులు 6,200.

ఆమె డబ్బా మూత పెట్టి, కొంగుతో ముఖము తుడుచుకొన్నది. కొడుకు తల వంచుకొన్నాడు.

ఇటువంటిది ముందుగా పట్టుకొనుటకు ఒక ఉపాయము కలదు. మొత్తము ప్రక్కన ఇంకొక గడిలో సమ్‌కు బదులు కౌంట్ అని వ్రాసి అదే వరుసను ఇవ్వవలెను. అది అంకెలున్న గడులను మాత్రమే లెక్కించును. ఇక్కడ ముందే వ్రాసియుంటే పదిహేడు చీటీలకు 14 అని చూపియుండును. కౌంటా అను మరియొకటి ఉన్నది, అది మాటలను కూడ లెక్కించును గనుక దీనికి పనికిరాదు. గీతలు కనబడవలెనని పట్టుదల ఉంటే అంకె మాత్రమే కొట్టి, ఫార్మాట్ సెల్స్‌లో కస్టమ్ అను చోట #,##0"/-" అని పెట్టుకొనవచ్చును. అప్పుడు గీతలు కంటికి కనబడును, లోపల అంకె అంకెగానే ఉండును.

గడి నిండ ##### అని వస్తే భయపడనక్కరలేదు. చాలమట్టుకు గడి ఇరుకైనదని అర్థము, వరుసను వెడల్పు చేస్తే చాలును. మొత్తము సున్న వస్తే ఆ ఫార్ములా తన గడిని తానే కూడుచున్నదేమో చూడవలెను.

వెళ్లబోవుచు ఆ సహోదరి అడిగినది. "మూడు చీటీలు వదిలేశానని అది ఒక్క మాట చెప్పొచ్చు కదండీ?" మేము సమ్ ఫార్ములా సంగతి మరల వివరించబోయాము. ఆమె వినలేదు. మా అరుగుమీదనే కూర్చుండి, కొడుకుచేత పదిహేడు ఖర్చులును తెల్ల కాగితముమీద పెన్నుతో వ్రాయించి, ప్రతిదానికి ఎదురుగా చీటీ పెట్టి గుండుసూది గుచ్చినది. సాయంత్రము లాప్‌టాప్‌నూ కాగితమునూ రెంటినీ తీసికొని పోయినది. పెద్దలు మొదట కాగితమే అడిగారట.