త్రుషుల్: రోమా వాడలకు క్రైస్తవ యాత్రలు

ఐరోపాలో సంచారజీవులుగా పేరుపడిన రోమా ప్రజల భాషలో శిలువకు ‘త్రుషుల్’ అని పేరు. ఆ మాట చెవిని పడగానే తెలుగు పాఠకునికి త్రిశూలం స్ఫురించక మానదు. ఆ స్ఫురణ పొరపాటు కాదు. భాషావేత్తలు చెప్పే వ్యుత్పత్తి కూడా అదే. దేవునికి వారి మాట ‘దెవెల్’. మతాచార్యునికి ‘రషాయ్’, ఇది ఋషి శబ్దం నుండి పుట్టినదని పండితుల అభిప్రాయం. మనిషి ‘మనుష్’, నీరు ‘పాని’, చెవి ‘కన్’, ముక్కు ‘నఖ్’. అంకెలలో ఒకటి నుండి ఆరు వరకు భారతదేశపు మాటలు. ఏడు, ఎనిమిది, తొమ్మిది గ్రీకు మాటలు. పది మరల భారతదేశానిదే. దారికి గ్రీకు మాట, గుర్రానికి ఆర్మీనియా మాట. ఏయే దేశాల మీదుగా నడచి వెళ్లినారో వారి నిఘంటువే చెబుతున్నది.

సుమారు వేయి సంవత్సరాల క్రితం భారతదేశాన్ని విడిచిన ఈ జనులు, శివుని ఆయుధం పేరును క్రీస్తు శిలువకు పెట్టుకొన్నారంటే అందులో ఒక చారిత్రక సత్యం ఇమిడి ఉన్నది. క్రైస్తవం వారి వద్దకు నిన్న మొన్న వచ్చిన మతం కాదు. బైజాంటైన్ సామ్రాజ్యపు వీథులలో తిరిగిన నాటి నుండి వారు శిలువను చూస్తూనే ఉన్నారు. తురుష్క పాలనలో మిగిలినవారిలో అనేకులు ముస్లిములైనారు. తక్కినవారు ఏ దేశంలో ఉంటే ఆ దేశపు చర్చిలో జ్ఞానస్నానం పొందినారు. ఇంత పాత క్రైస్తవుల వద్దకు నేడు ఆంగ్లదేశం నుండి, అమెరికా నుండి యువజన బృందాలు ‘సువార్త యాత్ర’ల పేరిట వెళుతున్నాయి. రొట్టెలు, దుప్పట్లు, పిల్లలకు బొమ్మలు పట్టుకొని వెళ్లి, వారం పది రోజులు పాటలు పాడించి, ఛాయాచిత్రాలు తీసుకొని తిరిగి వస్తాయి. 1989లో కమ్యూనిస్టు ప్రభుత్వాలు కూలిన తరువాత రుమేనియాకు, స్లొవాకియాకు, బల్గేరియాకు ఇటువంటి యాత్రలు పెరిగినాయి. వెళ్లినవారి సద్బుద్ధిని శంకించనక్కరలేదు. ఆకలిగొన్న పసివానికి రొట్టె ఇచ్చిన చేతిని ఆక్షేపించేవాడు ముందు తాను ఇచ్చినదేమిటో చూపవలసి ఉంటుంది. ఐనప్పటికి, వచ్చినవారు ఎవరి వద్దకు వచ్చినామనుకొన్నారు అనే ప్రశ్న మిగిలే ఉన్నది.

ఇటువంటి యాత్రలన్నింటిలోను లోకం దృష్టికి వచ్చినది 2021 సెప్టెంబరు 14న జరిగింది. నాటి పోపు ఫ్రాన్సిస్ స్లొవాకియాలోని కోషిత్సె నగరానికి వెళ్లి, ఆ ఊరి అంచున ఉన్న ‘లూనిక్ తొమ్మిది’ అనే రోమా వాడలో కొంతసేపు గడిపినారు. కాథలిక్కులకు ఆనాడు శిలువ మహోత్సవం కావడం విశేషం.

ఆ వాడ కథ తెలుసుకోదగినది. కమ్యూనిస్టుల కాలంలో ప్రభుత్వం కట్టించిన మేడల వరుసలు అవి. మొదట అక్కడ రోమాలతో పాటు సైనికోద్యోగుల, పోలీసుల కుటుంబాలు కూడా కాపురమున్నాయి. క్రమంగా తక్కినవారు తరలిపోయినారు. 1990ల దశకంలో నగరపాలకులు బాకీలు పడ్డ కుటుంబాలను, నగరంలో అక్కరలేదనుకొన్న రోమా కుటుంబాలను అక్కడికే చేర్చసాగినారు. రెండున్నర వేల మందికై కట్టిన ఇండ్లలో అంతకు ఎంతో మించి జనం కిక్కిరిసినారు. అద్దెలు, బిల్లులు చెల్లించలేని ఇండ్లకు గ్యాసు, విద్యుత్తు ఆగిపోయినాయి. నీరు రోజుకు కొన్ని వేళల్లోనే వచ్చేది. కొన్ని మేడలు శిథిలమై కూల్చివేయబడినాయి. ఇదే కోషిత్సె 2013లో ఐరోపా సాంస్కృతిక రాజధానిగా నిలిచినది. ఆ సంవత్సరమే లూనిక్ తొమ్మిదికి ఎదురుగా ఉన్న పేటలో ఒక గోడ లేచినది. రోమాలు ఇటు రాకుండా కట్టిన గోడ అని ఐరోపా సంఘం నుండే అభ్యంతరం వచ్చినది. సంస్కృతికి పట్టాభిషేకమైన ఏటనే ఆ గోడ వెలవడం ఎవరూ వ్రాయనక్కరలేని వ్యంగ్యకావ్యం.

పోపు అక్కడ చెప్పిన మాటల సారాంశం ఇది: చర్చిలో ఎవరూ తాము పరాయివారమని అనుకోరాదు, మనుషులను ఒక మూలకు నెట్టివేసినంత మాత్రాన ఏ సమస్యా తీరదు, తీర్పులు చెప్పడం మాని కలసి నడవడం నేర్చుకోవలెను. ఆయన పోప్ ఆరవ పాల్‌ను కూడా స్మరించినారు. 1965 సెప్టెంబరు 26న రోము సమీపాన పొమేజియాలో సమావేశమైన సంచారజనుల మధ్యకు వెళ్లి, మీరు చర్చి అంచున కాదు, దాని హృదయంలో ఉన్నారని ఆరవ పాల్ చెప్పియున్నారు. వాడలోని జనం అనేకులు మేడల కిటికీల నుండి, వసారాల నుండి చూసినారు. అతిథి తిరిగి వెళ్లిపోయినారు. ఆయన 2025 ఏప్రిల్ 21న కన్నుమూసినారు.

పెద్దలు వచ్చి వెళ్లిన తరువాత వాడలో మిగిలేది ఎవరు అన్నది ఇక్కడ చూడవలసిన విషయం. లూనిక్ తొమ్మిదిలో సలేషియన్ గురువులు 2008 నుండి నివసిస్తున్నారు. డాన్ బోస్కో పేరుగల పాఠశాలల మూలంగా తెలుగు దేశానికి కూడా పరిచితమైన సంస్థ వారిది. ఎండకు, వానకు, నీరు లేని దినాలకు, పెళ్ళికి, చావుకు వారు అక్కడే ఉన్నారు. పిల్లలకు బడి తరువాత చదువు చెప్పడం, యువకులను ఒకచోట చేర్చడం వారి నిత్యకృత్యం. పోపు గారి సందర్శన పత్రికల మొదటి పుటకు ఎక్కినది. ఆ సందర్శనకు ఒక అర్థం ఏర్పడినదంటే అది ఈ పదమూడేళ్ల నివాసం వలన ఏర్పడినదే.

మాట ఒకటి, లెక్క మరొకటి. ఆ యాత్ర జరిగిన రెండు నెలలకు, 2021 నవంబరులో, స్లొవాకియా ప్రభుత్వం రోమా స్త్రీలకు క్షమాపణ చెప్పినది. కమ్యూనిస్టు పాలనలోను, ఆ పాలన పోయిన తరువాత సైతం 2004 వరకు, వారి నిజమైన సమ్మతి లేకుండా వైద్యశాలలలో సంతాన నిరోధక శస్త్రచికిత్సలు జరిగినాయి. ప్రసవ వేదనలో ఉన్న స్త్రీ చేత చదవలేని కాగితం మీద సంతకం పెట్టించడం సమ్మతి ఎట్లా ఔతుంది? ఇటువంటి గాయాలు ఉన్న ఇంటికి దుప్పటి తీసుకువెళ్లే అతిథికి ఈ చరిత్ర తెలిసి ఉండడం కనీస మర్యాద.

చరిత్ర ఇంకా వెనుకకు పోతుంది. నేటి రుమేనియాలో చేరిన వలాకియా, మొల్దావియా రాజ్యాలలో రోమాలు బానిసలు. వలాకియా ప్రభువు ఒకటవ దాన్ 1385లో తిస్మానా మఠానికి నలుబది జిప్సీ కుటుంబాల దానాన్ని ధ్రువపరచిన శాసనం నేటికీ ఉన్నది. మన దేశంలో అగ్రహారాలు ఇచ్చినట్లుగా అక్కడ మనుషులను ఇచ్చినారు. బానిసలకు యజమానులు ముగ్గురు: ప్రభువు, జమీందారు, మఠం. మొల్దావియాలో 1855లోను, వలాకియాలో 1856లోను ఆ దాస్యం పూర్తిగా తొలగినది. అంటే అమెరికాలో నీగ్రోల దాస్యం తొలగుటకు పది సంవత్సరాలే ముందు. అమెరికా కథ ప్రతి పాఠశాల విద్యార్థికీ తెలుసు. ఇది ఐరోపా విద్యార్థులకే అంతగా తెలియదు. 2019 జూన్ 2న రుమేనియాలోని బ్లాజ్ పట్టణంలో రోమాలను కలిసికొన్నప్పుడు పోపు ఫ్రాన్సిస్, చర్చి తరఫున వారిని క్షమాపణ వేడినారు. బానిసలను ఏలిన మఠాలు ఆర్థడాక్సు శాఖవి. క్షమాపణ అడిగినవారు కాథలిక్కుల అధిపతి. ఈ తేడా గుర్తుంచుకోవలసిందే. కాని కొరడా దెబ్బ తిన్నవానికి శాఖాభేదం తెలియదు. ఆ మీదట నాజీల కాలంలో హత్యకు గురియైన రోమాల సంఖ్యను చరిత్రకారులు రెండు లక్షల నుండి ఐదు లక్షల వరకు అంచనా కట్టినారు.

ఇంత చెప్పిన పిదప, బయటినుండి వచ్చిన క్రైస్తవులందరూ ఒక్క తీరున వచ్చినారని తేల్చడం అన్యాయం. క్లెమెంట్ లె కొసెక్ అనే ఫ్రెంచి పాదిరి 1950ల దశకం ఆరంభంలో రోమాల మధ్య ప్రచారానికి పూనుకొన్నాడు. ఆయన చేసిన గొప్ప పని ఉపన్యాసం కాదు. వారిలోనుండే బోధకులను తయారుచేయడం. అక్షరాలు రానివారికి అక్షరాలు నేర్పి వేదికనెక్కించినాడు. కొద్ది కాలానికే ఫ్రాన్సులో, స్పెయిన్‌లో రోమా బోధకుల అధీనంలో నడిచే పెంతెకొస్తు సంఘాలు వేల సంఖ్యలో జనాన్ని ఆకర్షించినాయి. జాతకం చెప్పడం, కొన్ని చోట్ల లౌకిక సంగీతం సైతం ఈ సంఘాలు మాన్పించినాయని ఆక్షేపించే వారున్నారు. ఆ ఆక్షేపణలో నిజం లేకపోలేదు. ఐనా అది తమవాడు చెబితే తామే మానుకొన్నది. పదునెనిమిదవ శతాబ్దిలో ఆస్ట్రియా రాణి మేరియా థెరీసా ప్రభుత్వం వారి పిల్లలను తల్లుల ఒడి నుండి లాగి రైతుల ఇండ్లలో పెంచమన్నది; దానికీ దీనికీ పోలిక లేదు.

భాష విషయం కూడా ఇట్టిదే. జార్జి బారో అనే ఆంగ్లేయుడు బైబిలు సంఘం పక్షాన స్పెయిన్‌కు వెళ్లి, అక్కడి జిప్సీల భాషలో లూకా సువార్తను 1837లో ప్రకటించినాడు. ఆ భాష అప్పటికే వ్యాకరణమంతా స్పానిషు, మాటలు మాత్రం రోమానీ అయిన సంకర భాష. సాహితీపరులకు అంతకంటె ఇష్టమైన పేరు మతేఓ మాక్సిమోఫ్. రోమా కుటుంబంలో పుట్టి, కంచరి వృత్తి ఎరిగి, ఫ్రెంచిలో నవలలు వ్రాసినవాడు. రుమేనియాలో తన పూర్వుల దాస్యాన్ని గురించి 1955లో ఒక నవల వెలువరించినాడు. తదుపరి బోధకుడై బైబిలును తన మాతృభాషలోనికి తెచ్చే పనిలో శ్రమించినాడు. ‘త్రుషుల్’ అనే మాట బైబిలు పుటకు ఎక్కవలెనంటే అటువంటివాని కలమే కావలసి వచ్చినది.

తెలుగు పాఠకులు ఈ కథను దూరదేశపు ముచ్చటగా చదివి ఊరుకొనడానికి వీలులేదు. బాపట్ల సమీపాన స్టూవర్టుపురం ఉన్నది. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకలవారిని పుట్టుకతోనే దొంగలుగా ముద్రవేసి, 1910ల దశకంలో మద్రాసు ప్రభుత్వం అక్కడ సెటిల్మెంటు నెలకొల్పి, దాని నిర్వహణను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు ఒప్పగించినది. ఉద్యోగి అయిన హెరాల్డ్ స్టూవర్టు పేరు ఊరికి వచ్చినది. ఇక్కడ సువార్తికుడు అతిథి కాదు, హాజరు పట్టీ పట్టుకొన్న కాపరి. అనుమతి చీటీ లేనిదే ఊరు దాటరాదు. బడి ఉన్నది, పని ఉన్నది, ప్రార్థన ఉన్నది. ఇష్టం వచ్చినప్పుడు లేచి పోయే స్వేచ్ఛ మాత్రం లేదు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1952లో ఆ చట్టం రద్దయినది. కాని ఆ ఊరి పేరును దొంగతనానికి పర్యాయపదంగా వాడే అలవాటు చలనచిత్రాల పేర్లలో సైతం బతికి ఉన్నది. ఎరుకల భాష ద్రావిడ కుటుంబానిది, రోమానీ ఆర్యభాష. వారికీ వీరికీ బాంధవ్యం కల్పించనక్కరలేదు. లంబాడీలు, రోమాలు ఒక్కటే అని వేదికల మీద చెప్పేవారికి కూడా నిదానం అవసరం. పోలిక రక్తంలో లేదు, వారిని చూసిన అధికారుల కళ్లలో ఉన్నది.

ఉపాధ్యాయులు ప్రత్యేకంగా గమనించవలసినది బడి సంగతి. చెక్ దేశంలోని ఒస్త్రావా నగరానికి చెందిన పద్దెనిమిది మంది రోమా పిల్లలను మందబుద్ధుల పాఠశాలలలో చేర్చినారు. వారు స్ట్రాస్‌బర్గులోని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానానికి వెళ్లినారు. రోమా బిడ్డ అటువంటి బడిలో పడే అవకాశం ఆ నగరంలో ఇతరుల కంటె ఇరవై ఏడు రెట్లు ఎక్కువ అని వారు లెక్కలు చూపినారు. 2007 నవంబరు 13న తీర్పు వారికి అనుకూలంగా వచ్చినది. ఇంట రోమానీ మాట్లాడే బిడ్డకు చెక్ భాషలో, చెక్ పిల్లలకై తయారుచేసిన పరీక్ష పెట్టి, తప్పినందున బుద్ధి తక్కువ అనడం ఏ విధమైన కొలత? స్లొవాకియా పాఠశాలలలో రోమా పిల్లలను వేరుచేస్తున్నారని ఐరోపా సంఘం 2023లో ఆ దేశాన్ని సంఘపు న్యాయస్థానం ముందుకు తీసుకువెళ్లింది. ఐరోపా సంఘపు హక్కుల సంస్థ 2021లో జరిపిన పరిశీలనలో పది మంది రోమాలలో ఎనిమిది మంది పేదరికపు అంచున ఉన్నట్లు తేలినది.

లూనిక్ తొమ్మిదికి వేసవిలో వెళ్లే యువజన బృందం ఈ పాఠశాల సంగతిని మార్చలేదు; వారి వద్ద అంత కాలమూ లేదు, అధికారమూ లేదు. కాని తిరిగి ఇంటికి పోయి తమ సంఘాలలో ఏమి చెబుతారన్నది వారి చేతిలో ఉన్నది. ‘ఎంత బీదవారో, ఎంత నవ్వుతున్నారో’ అని చిత్రాలు చూపవచ్చును. లేదా ఆ పిల్లవాడు ఏ తరగతి గదిలో, ఏ భాషలో, ఎవరి ప్రక్కన కూర్చుంటున్నాడో చెప్పవచ్చును. సలేషియన్ గురువులు మాత్రం సాయంకాలం అదే పిల్లవానికి, బడిలో అర్థంకాని స్లొవాక్ పాఠాన్ని మరల మొదటినుండి చెబుతున్నారు.