కాదన్నవారిదే తుదిమాట కారాదు

2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైన తరువాత ప్రాణభయంతో గోదావరి దాటి వచ్చిన గుత్తికోయలు నేటికీ ఏటూరునాగారం అడవుల్లో తలదాచుకుంటున్నారు. వారు ఈ దేశ పౌరులు. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కును రాజ్యాంగంలోని 19వ అధికరణం వారికిచ్చింది. అయినా అటవీశాఖ దృష్టిలో వారు ఆక్రమణదారులే. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13ను గడువుగా పెట్టింది కనుక, ఆ తరువాత వచ్చినవారికి ‘కాదు’ అన్న జవాబు ముందే సిద్ధంగా ఉన్నది. పౌరుడి గతే ఇదైతే, దేశం దాటి వచ్చినవాడి మాటేమిటి?

హైదరాబాదు శివార్లలోని బాలాపూర్‌లో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాలు ఏళ్లుగా బతుకుతున్నారు. వారికి ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ కార్డులు ఇచ్చింది. ఆ కార్డును మన్నించి తీరాలన్న చట్టమేదీ మనకు లేదు. 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై భారత్ సంతకం చేయలేదు. 2019 నాటి పౌరసత్వ సవరణ చట్టం మూడు పొరుగు దేశాల నుంచి వచ్చిన ఆరు మతాలవారికి దారి తెరిచింది. ఆ దేశాల్లో మయన్మార్ లేదు, ఆ మతాల్లో ఇస్లాం లేదు.

శరణార్థినని చెప్పుకొన్న విదేశీయుడి వాదనను పరిశీలించి, సమంజసమనిపిస్తే దీర్ఘకాల వీసా ఇచ్చే విధానాన్ని కేంద్ర హోంశాఖ 2011లో రూపొందించింది. మంచిదే. కాని అది కార్యనిర్వాహక ఉత్తర్వు, చట్టం కాదు; దయగా దొరకవచ్చునేమో గాని హక్కుగా అడిగే వీలు లేదు. ఆస్ట్రేలియాలో రక్షణ వీసా నిరాకరించినవారు కారణం రాసివ్వాలి. బాధితుడు ట్రిబ్యునల్‌కు, అక్కడా కాదంటే 35 రోజుల్లోగా ఫెడరల్ సర్క్యూట్ అండ్ ఫ్యామిలీ కోర్టుకు వెళ్లవచ్చు. కోర్టు వీసా ఇవ్వదు. నిర్ణయం చట్టప్రకారం జరిగిందా లేదా అని మాత్రమే చూసి, తప్పుంటే తిరిగి విచారణకు పంపుతుంది. పడవల్లో వచ్చినవారిని నౌరు దీవికి తరలించిన ఆ దేశాన్ని మేము ఆదర్శమనబోము. న్యాయసమీక్ష ఆపాటిదైనా ఇక్కడ లేకపోవడమే మా బాధ.

మన న్యాయస్థానాలకు ఈ దారి తెలియనిది కాదు. అరుణాచల్ ప్రదేశ్‌లో చక్మాల పౌరసత్వ దరఖాస్తులను స్థానిక అధికారులు పైకి పంపకుండా ఆపినప్పుడు, వాటిని కేంద్రానికి పంపాలనీ, నిర్ణయం వెలువడేదాకా వారిని వెళ్లగొట్టరాదనీ 1996లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ప్రాణరక్షణ పౌరుడికే కాదు, మనిషన్న ప్రతివాడికీ ఉన్నదని చెప్పిన తీర్పు అది. 2021 ఏప్రిల్ 8న రోహింగ్యాల వ్యాజ్యంలో అదే కోర్టు స్వరం మారింది. 14, 21 అధికరణాలు అందరివీ అంటూనే, దేశం నుంచి పంపివేయబడకుండా ఉండే హక్కు పౌరులకే పరిమితమన్నది. నిర్దేశిత విధానం పాటించకుండా మాత్రం పంపరాదన్నది. తిరిగి పంపితే వీడి ప్రాణం దక్కుతుందా అని ఎవరో ఒకరు విచారించి, జవాబు రాతపూర్వకంగా ఇచ్చి, దానిని హైకోర్టు ముందుంచే గడువు ఇవ్వని విధానాన్ని విధానమని మేము ఎలా అనగలము? కేంద్రం 2011 నాటి ఏర్పాటును చట్టంగా మార్చాలి. అందులో మతం ప్రసక్తి ఉండరాదు.

ఈ కోరిక గొంతెమ్మ కోరిక కాదు. తిరస్కరణకు కారణం రాసివ్వాలని, అప్పీలుకు 60 రోజులు ఇవ్వాలని అటవీ హక్కుల నిబంధనలు ఇప్పటికే చెబుతున్నాయి. తిరస్కృతులను ఖాళీ చేయించాలన్న తన ఉత్తర్వును సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 28న నిలిపివేసి, ఏ పద్ధతిలో తిరస్కరించారో చెప్పండని రాష్ట్రాలను అడిగింది. ఏటూరునాగారం అడవుల్లో కాదన్న ప్రతి దరఖాస్తుకూ ఆ కాగితం అందిందో లేదో ఐటీడీఏ అధికారులు గూడెం గూడెంలో చదివి వినిపించాలి.