అరకు కాఫీ, అనకాపల్లి బెల్లము

పాడేరు ఘాటు దిగిన కాఫీ బస్తాల లారీలు మాడుగుల మీదుగా మన చోడవరము బజారున సాగిపోవుట పఠనమందిరపు అరుగుపై కూర్చుండు వారికెల్ల పరిచితమైన దృశ్యమే. ఆ బజారుననే బెల్లపు దిమ్మలు నింపిన బండ్లు అనకాపల్లి మార్కెట్టునకు పోవుచుండును. ఒకటి కొండ రైతు కష్టార్జితము, రెండవది మైదానపు రైతు కష్టార్జితము. మొదటి సరకు పేరు 2017వ సంవత్సరమున పారిస్ మహానగరమున ఒక అంగడి గుమ్మముపైకి ఎక్కినది. రెండవ సరకునకు స్వదేశమున ప్రఖ్యాతి యున్నను, సముద్రము దాటిన పిమ్మట అది ఊరు పేరు లేని బెల్లమే. 2022వ సంవత్సరమున జిల్లాలు విడిపోవు వరకు ఈ రెండును ఒక్క విశాఖ జిల్లా పంటలు. ఈ తారతమ్యమెట్లు వచ్చినదో విచారింపదగియున్నది.

కాఫీ గింజకు వెల కట్టువాడు దానిని పండించువాడు కాడు. అరబికా ధర న్యూయార్కు ఎక్స్ఛేంజిలో నిర్ణయమగును. కాఫీ పండించు దేశములును, కొను దేశములును ఒడంబడిక చేసికొని, ఎగుమతికి కోటాలు ఏర్పరచి, ధరను కొంతకాలము నిలుపగలిగిరి. 1989 జూలైలో ఆ కోటాలు కూలినవి. పిమ్మట వియత్నాము కాఫీ వెల్లువవలె వచ్చిపడెను. బ్రెజిలు తన విశాలమైన తోటలలో యంత్రములచే కోయించెను. 2001వ సంవత్సరాంతమునకు అరబికా ధర పౌనుకు అర డాలరు కంటెను దిగజారెను. సిల్వరు ఓకు నీడలో, మిరియపు తీగల నడుమ, ఎకరమో రెండెకరములో పెంచుకొని, పండిన పండునే ఏరి చేతితో కోయు గిరిజనుడు ఆ యంత్రముతో చౌకదనమున పోటీపడుట యెట్లు? పడెనేని తన కూలిని తానే తగ్గించుకొని పస్తుండవలసినదే గదా!

విదేశపు విపణికి పోవు ఏ సంస్థయైనను ఈ ప్రశ్నను ముందుగా తేల్చుకొనవలయును. వెల తగ్గించి గెలుతుమా, లేక మా సరకు వంటిది మరియొకచోట దొరకదని ఒప్పించి గెలుతుమా? బ్రెజిలు తోటలకు మొదటి మార్గము తగును. మన కొండలకు రెండవదియే గతి.

ఈ శతాబ్దారంభము నుండి అరకు లోయలో పనిచేయుచున్న నాంది ఫౌండేషను వారు ఈ రెండవ మార్గమునే పట్టిరి. రైతులను సహకార సంఘముగా కూర్చిరి. పచ్చికాయ, పండు కలిపి దూయు అలవాటు మాన్పించి, ఎర్రబారిన పండ్లనే కోయించిరి. ఇంటింట ఎండబెట్టుటకు మారుగా పండ్లను ఒక్కచోటికి చేర్చి శుద్ధిచేయించిరి. ఆనంద్ మహీంద్రా మొదలగు పారిశ్రామికులు పెట్టుబడి పెట్టిరి. పిదప వారు చేసిన పని నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది. బెంగుళూరును, మద్రాసును విడిచి తొలి అంగడిని పారిస్‌లో తెరచిరి. స్వదేశీ వ్రతము పట్టినవానికి ఇది విపరీతముగా తోచును, నాకును తోచినది. కాని ఆ నగరవాసులు ద్రాక్షసారాయము త్రాగుటకు ముందు అది ఏ కొండవాలు తోటదని అడుగువారు. (మద్యపాన నిషేధవాదినగు నాకీ ఉపమానము రుచింపదు గాని, నిజము నిజమే.) నేలను బట్టి వెల కట్టువాని యొద్దకే నేల పేరుతో పోవుట తెలివిగల వర్తకము. మరుసటి యేడు, 2018లో, ఆ నగరముననే ఈ కాఫీకి స్వర్ణపతకము లభించెను. పారిస్ మెచ్చినదని విన్న పిమ్మటనే మన పట్టణములవారును అరకు కాఫీని వెదకికొనుట మొదలిడిరి. మన యింటి వస్తువును పరాయివాడు పొగడిన గాని గుర్తింపజాలని మన దౌర్బల్యమును ఆ కంపెనీవారు చక్కగా ఎరిగియుండిరి!

మరి పేరు ఎవనిది? న్యాయవాదిని గనుక నా దృష్టి ఇచటనే నిలిచిపోవును. ట్రేడుమార్కు ఒక కంపెనీ సొత్తు, దానిని అమ్మవచ్చును, కొనవచ్చును. 1999 నాటి శాసనము ప్రకారము నమోదగు భౌగోళిక గుర్తింపు ఆ ప్రాంతపు ఉత్పత్తిదారులందరి క్షేమము కొరకైనది, దానిని విక్రయించుటకు వీలులేదు. ‘అరకు వ్యాలీ అరబికా’ పేరునకు 2019లో, కాఫీ బోర్డు దరఖాస్తుపై, ఆ గుర్తింపు వచ్చెను. అయినను ఆ పేరును వాడుకొన గోరు రైతు అధికృత వినియోగదారుగా తన పేరు నమోదు చేయించుకొనవలయును. చేయించుకొననివానికి ఆ హక్కు గోడమీది పటము వంటిది. ఇథియోపియా ప్రభుత్వము 2005లో తన యిర్గాచెఫె, హరార్, సిడామో కాఫీల పేర్లకు అమెరికాలో ట్రేడుమార్కు కోరగా, అచటి కాఫీ వర్తకుల సంఘము అడ్డు చెప్పినది. వాదోపవాదములు సాగి సాగి, 2007లో స్టార్‌బక్స్ కంపెనీ ఇథియోపియాతో ఒడంబడికకు వచ్చి ఆ పేర్లను గుర్తించినది. కొలంబియా రైతులు ఇంకను ముందు నడచిరి. 1927లో సమాఖ్యగా ఏర్పడి, కంచరగాడిదను తోలుకొనివచ్చు హువాన్ వాల్డెస్ అను కల్పిత రైతును ప్రకటనలలో లోకమునకు పరిచయము చేసి, 2002 నుండి ఆ పేరుననే అంగళ్లు తెరచిరి. అచట పంటయు రైతులదే, పేరును రైతులదే.

మన కొండ రైతు ఆ స్థితికి ఇంకను రాలేదు. నాంది వారిని నిందించుట నా యుద్దేశము కాదు. 1956 నుండి గిరిజన సహకార సంస్థ కొనుగోలుదారుగా నిలిచియుండుటయు మేలే. కాని పారిస్‌లో అమ్మిన గిన్నెడు కాఫీ వెలలో కొండకెంత చేరుచున్నదో ఏటేట ప్రకటింపుమని అడుగు అధికారము పండించినవానికి గలదు.

ఇక మన బెల్లము. అనకాపల్లిలో 1913 నుండి చెరకు పరిశోధన జరుగుచున్నది. శాస్త్రమునకు లోటు లేదు. లోటంతయు రంగులో నున్నది! కొనువానికి పసుపుపచ్చని దిమ్మ కావలయునని పెనములో హైడ్రోసు చల్లుదురు. రంగు తేలును, గంధకపు అంశము మిగులును. పరీక్షకు నిలువని సరకు విదేశపు రేవున దిగుట దుర్లభము. కొల్హాపూరు బెల్లము 2014లోను, కేరళలోని మరయూరు బెల్లము 2019లోను భౌగోళిక గుర్తింపు పొందినవి. మన బెల్లము పేరుతో సముద్రము దాటవలెనన్న ముందుగా పెనము దగ్గర కట్టడి రావలయును. కాగితము తరువాత.

మొన్న ఒక దావా పని మీద నా యొద్దకు వచ్చిన చెరకు రైతుతో ఈ మాటయే అంటిని. ఆయన నవ్వి, “నల్ల బెల్లం ఎవుడు కొంటాడు బాబూ? మార్కెట్టులో దిమ్మ సూసి రేటు కడతారు గాని నాలిక్కి రాసుకుని కాదు గదా” అనెను. కొంతసేపు వాదించితిమి. తుదకు, “అన్నీ కాదు, పది దిమ్మలు మందు లేకుండా దించుతాను. కొనేవోణ్ణి నువ్వు సూపించు” అని లేచెను. రెండు దిమ్మలు నేనే తీసికొంటిని. మిగిలిన ఎనిమిదింటికి గిరాకి వెదకుచున్నాను.