మూస మనదైతే తప్పూ మనదే

కథ నచ్చకపోతే ‘మూస కథ’ అంటాం. సినిమా నచ్చకపోతే ‘అదే మూస’ అని పెదవి విరుస్తాం. నేనూ ఆ మాటను చాలాసార్లు తిట్టుగానే వాడాను. అయితే రెండేళ్ళుగా టెక్సస్‌లోని మా ఇంటి గరాజులో స్వయంగా మూసలు తయారుచేస్తున్న తరువాత ఆ మాట మీద నాకు కొంత గౌరవం కలిగింది. మూస చేయడం తేలిక కాదు. చేశాక దాని బాధ్యత నుండి తప్పించుకోవడం ఇంకా కష్టం. ఈ టపా ముఖ్యంగా ఆ రెండో సంగతి గురించే.

నేను చేసేవి చేపల ఎరలకు మూసలు. ఇక్కడ గాలానికి వానపాముకు బదులు మెత్తటి ప్లాస్టిక్ వానపామును గుచ్చుతారు. చిన్నప్పుడు కాలువగట్టున చెమ్మనేల తవ్వి ఎర్రలు ఏరుకున్న మాబోటివాళ్ళకు ఇది మొదట నవ్వు తెప్పిస్తుంది. కాని ఇక్కడి లార్జ్‌మౌత్ బాస్ అనే చేపకు దానిమీద ఎనలేని మోజు. 1949లో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ ఊళ్ళో నిక్ క్రీమ్, ఆయన భార్య కాస్మా తమ వంటింట్లోనే ఇటువంటి ఎరలను తయారుచేశారు. అది పరిశ్రమగా ఎదిగింది ఆ తరువాతనే. కనుక ఇంట్లో మూస పోసుకోవడం ఈ విద్యకు పుట్టింటికి రావడం వంటిది.

పద్ధతి క్లుప్తంగా చెబుతాను. ముందు బంకమట్టితో నమూనా చేసి, చదునైన పలకకు అతికించాలి. అడుగు వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉంటేనే అది మూస నుండి ఊడివస్తుంది. ఒక వంతు నీటిలో రెండు వంతుల పారిస్ ప్లాస్టర్ చల్లుతూ కలిపి, గిన్నెను బల్లకు తట్టి బుడగలు పోగొట్టి, నమూనా మీద పోయాలి. అరగంటలో గట్టిపడుతుంది. అయితే గట్టిపడడం వేరు, ఎండడం వేరు. ఆ తేడా తెలియక నా మొదటి మూస పాడయింది. లోపల మిగిలిన చెమ్మ వేడి ప్లాస్టిక్ తగలగానే ఆవిరై, ఎర ఒళ్ళంతా బొబ్బలు వచ్చాయి. ముఖాన చిందకపోవడం నా అదృష్టం. ఇప్పుడు వారం రోజులు ఎండనిచ్చి, నీళ్ళు కలిపిన తెల్లజిగురు మూడు పూతలు పూస్తున్నాను.

అందులో పోసేది ప్లాస్టిసాల్. పీవీసీ పొడి, దాన్ని మెత్తగా ఉంచే నూనెవంటి ద్రవం కలిసి పాలలాగా ఉంటుంది. వేడిచేస్తే జావలా చిక్కబడి, ఇంచుమించు 350 డిగ్రీల ఫారన్‌హీట్ (177 సెల్సియస్) దగ్గర తేటపడి పలచబడుతుంది. మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. కాబట్టి గాలి ఆడేచోటే పని, కళ్ళకు అద్దాలు, వంటకు మళ్ళీ వాడని గిన్నె, ఇవి తప్పనిసరి.

రెండో మూస నుండి నమూనా తీస్తుంటే తోక దగ్గర గోరంత పెచ్చు ఊడింది. ఫలితంగా అందులో పోసిన ప్రతి ఎరకూ తోకమీద చిన్న బుడిపె వచ్చేది. మా అబ్బాయి దానికి ‘పులిపిరి’ అని పేరు పెట్టాడు. ఊదారంగులో 40 పులిపిరి ఎరలు పోశాం.

నిరుడు వసంతంలో మా పేట చెరువులో పట్టిన చేపను కోస్తుంటే పొట్టలో నుండి ఉబ్బిన ప్లాస్టిక్ ముద్ద ఒకటి బయటపడింది. ఊదారంగు. తోకమీద పులిపిరి. పక్కనే నిలబడ్డ మావాడు మెల్లగా, “నాన్నా, ఇది మనది” అన్నాడు.

అంగడిలో కొన్న ఎర అయితే ఎవడో బాధ్యతలేని వాడని తిట్టి, పారేసి, చేయి కడుక్కునేవాణ్ణి. ఇక్కడ ఆ వీలు లేకపోయింది. పెట్టె తెరిచి లెక్కపెట్టాను. 40లో 9 మిగిలాయి. తక్కిన 31లో చేప లాక్కుపోయినవి కొన్ని. చిరిగాయని నేనే గట్టున విసిరేసినవి కొన్ని. సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను.

“ఇందరు పారేస్తుంటే నీ ఒక్కడిది ఎంత?” అని ఒక మిత్రుడు అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండేది కాదు, పులిపిరి లేకపోయి ఉంటే. 2013లో మెయిన్ రాష్ట్రంలో రబ్బరు ఎరలను నిషేధించాలని ఒక బిల్లు వచ్చింది. అది చివరకు అధ్యయనం చేయమని చెప్పే తీర్మానంగా మారింది. చట్టం వచ్చేదాకా ఆగాలా? మూస ఉన్నవాడికి అంగడి గిరాకీకి లేని వీలు ఒకటుంది. చిరిగిన ఎరను కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, మళ్ళీ కరిగించి పోసుకోవచ్చు. కొన్నిసార్లు కరిగించాక రంగు పసుపుబారుతుంది, అంతే. ఇంట్లో మూస చేసుకోవడానికి ఇదొక్కటే సరైన కారణమని నా అభిప్రాయం. డబ్బు ఆదా అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. సామగ్రి ఖర్చు నాకింకా తీరలేదు.

మరొక మాట. కొన్న ఎరమీదే ప్లాస్టర్ పోసి అచ్చు తీసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మావాడూ అదే సులువన్నాడు. వద్దన్నాను. మన టపాను పేరు తీసేసి తన పుటలో అతికించుకున్నవాణ్ణి చూసి మండిపడే మనం ఈ పని ఎలా చేస్తాం? పైగా పరాయి అచ్చులో మన గుర్తు ఉండదు. చెరువులో దొరికినా అది మనదని తెలియదు.

పెచ్చూడిన మూసను బాగుచేయలేదు, దానితోనే పోస్తున్నాను. ఎర నడుముకు చిన్న రబ్బరు ఉంగరం తొడిగి, దాని కిందుగా గాలం దూరుస్తున్నాం. అలా చేస్తే తొందరగా చిరగదు. లెక్క మావాడు రాస్తాడు. ఈ ఏడు పోసినవి 60. చిరిగి మళ్ళీ గిన్నెలోకి వచ్చినవి 41. పెట్టెలో ఉన్నవి 12. చెరువులో పోయినవి 7.

మన ఊళ్ళలో కొర్రమీను కోసం రబ్బరు కప్పలు విసిరే మిత్రులు ఈ టపా చదువుతుంటే, మీ లెక్క కూడా ఒకసారి వేసి ఇక్కడ రాయండి. 7 కంటే తక్కువ ఉంటే ఎలా సాధించారో నాకు చెప్పండి.