పాస్‌వర్డ్ మారిస్తే సరిపోదు

పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, ఊళ్లో ఇంటి దస్తావేజులు... ప్రవాసుల్లో కొందరు వీటి స్కాన్ కాపీలను మ్యాక్‌లో ఎన్‌క్రిప్టెడ్ డిస్క్ ఇమేజ్‌గా దాచుకుంటారు. మంచి అలవాటే. అయితే పాస్‌వర్డ్ బయటపడిందన్న అనుమానం వస్తే, డిస్క్ యుటిలిటీలో దాన్ని మార్చేసి నిశ్చింతగా ఉండటం తగదు. అక్కడ మారేది పాస్‌వర్డే. ఫైళ్లను లాక్ చేసిన అసలు కీ మారదు. పెన్‌డ్రైవ్‌లో, క్లౌడ్‌లో, బ్యాకప్‌లో మిగిలిన పాత కాపీలు పాత పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటాయి. కాబట్టి కొత్త పాస్‌వర్డ్‌తో కొత్త ఇమేజ్ తయారుచేసి, ఫైళ్లను అందులోకి చేర్చి, అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాకే పాతవన్నీ తొలగించాలి. పాస్‌వర్డ్ మరిచిపోతే యాపిల్ కూడా తెరవలేదు. అందుకే మార్చిన రోజే ఇంట్లో నమ్మకమైన ఒకరికి చెప్పి ఉంచండి. మనకేమైనా అయితే ఆ కాగితాలు ముందుగా కావాల్సింది వాళ్లకే.