గ్యాస్ అయిపోలేదు తమ్ముడూ, కారిపోయింది!

ఎండలు ముదిరిన దగ్గర్నుంచి నా ఫోన్‌కి వరసగా ఒకటే మెసేజ్. "అన్నా, ఏసీ తిరుగుతాంది గానీ సల్లగా రాలేదు. గ్యాస్ కొట్టించాల్నా?" ఆళ్లగడ్డ నుంచి ఒకరు, పత్తికొండ నుంచి ఒకరు, ప్రొద్దుటూరు నుంచి ఇద్దరు. అన్నీ పికప్‌లే. విడివిడిగా జవాబు రాసే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తున్నా: ఇప్పుడే కొట్టించొద్దు. ముందు ఎక్కడ పోతోందో చూడండి.

ఏసీ గ్యాస్ డీజిల్ లాంటిది కాదు. కాలేది కాదు, ఖర్చయ్యేది కాదు. మన బండ్లలో ఎక్కువగా ఉండేది ఆర్134ఏ అనే గ్యాస్. మామూలు గాలి ఒత్తిడి దగ్గర మైనస్ 26 డిగ్రీలకే మరిగిపోతుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి వేడెక్కిస్తుంది, రేడియేటర్ ముందున్న కండెన్సర్ ఆ వేడిని బయటికి వదిలి గ్యాస్‌ను ద్రవంగా మారుస్తుంది, డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌లో అది మళ్లీ గ్యాస్ అవుతూ కేబిన్ వేడిని పీల్చుకుంటుంది. అదే గ్యాస్, అదే పైపు, గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. రబ్బరు పైపుల గుండా, జాయింట్ల గుండా ఏళ్ల మీద కొంచెం తగ్గొచ్చు గానీ ఒక ఎండాకాలంలో ఖాళీ అయిందంటే దానికి ఒకటే అర్థం. ఎక్కడో చిల్లు ఉంది. చిల్లున్న బిందెలో ఎన్నిసార్లు నీళ్లు పోస్తారు?

మా బామ్మర్ది బండి సంగతే చెప్తా. కర్నూలు మార్కెట్‌లో ఉల్లిగడ్డ ఎత్తుకుని కడప వైపు తిరుగుతుంటాడు. మార్చిలో గ్యాస్ కొట్టించాడు. ఏప్రిల్‌లో మళ్లీ కొట్టించాడు. రెండుసార్లూ ఒకే షెడ్డు, రెండుసార్లూ "అయిపోయింది, నింపేశా" అనే మాటే, రెండుసార్లూ రెండు వేలకు అటూ ఇటూ. మూడోసారి నేను వెంట వెళ్లాను, వేరే చోటికి. అక్కడి పిల్లోడు గ్యాస్ సిలిండర్ ముట్టుకోలేదు. టార్చి పట్టుకుని బోనెట్ కింద పది నిమిషాలు వెతికాడు. కండెన్సర్ నుంచి వచ్చే పైపు ఒక క్లాంపు ఊడి, పక్కనున్న ఇనుప పట్టీకి రాసుకుంటోంది. రాసుకున్న చోట వెంట్రుకంత గాటు. చుట్టూ జిడ్డు, జిడ్డు మీద ఎర్రమట్టి. పైపు మార్చి, క్లాంపు బిగించాడు. ఆ తర్వాత ఇప్పటిదాకా ఏసీ పేరెత్తలేదు మావాడు.

ఆ జిడ్డే మీకు కావాల్సిన గుర్తు. కంప్రెసర్‌కి కావాల్సిన ఆయిల్ గ్యాస్‌తో పాటే పైపుల్లో తిరుగుతుంది. గ్యాస్ ఎక్కడ కారితే ఆయిల్ కూడా అక్కడ కొంచెం బయటికొస్తుంది. మన సీమలో దుమ్ముకు కరువు లేదు కదా, ఆ తడికి ఇట్టే అంటుకుంటుంది. అందుకే లీకు వెతకడం కోస్తా వాళ్ల కంటే మనకే సులువు! పైపు జాయింట్లు, కండెన్సర్ మూలలు, కంప్రెసర్ ముందు భాగం, ఇవన్నీ ఇంజిన్ ఆపి, చల్లారాక చూడండి. మిగతా చోటంతా పొడి దుమ్ముండి ఒక్క చోట మాత్రం నల్లగా తడిమట్టిలా ఉంటే ఫోన్‌తో ఫొటో తీసి మెకానిక్‌కి చూపించండి.

సరే, లీకు లేదు. అయినా చల్లగా రావట్లేదు. అప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి: రోడ్డు మీద పోతుంటే బాగుండి, నిలబెడితే వేడిగాలి వస్తోందా? మార్కెట్ యార్డు ముందు లైన్లో, టోల్‌గేటు దగ్గర, రైల్వే గేటు దగ్గర మాత్రమే చచ్చిపోతోందా? అయితే చాలాసార్లు గ్యాస్ తప్పు కాదు. కండెన్సర్‌కి గాలి ఆడట్లేదు. బండి కదిలితే ఎదురుగాలి తగులుతుంది, ఆగితే ఫ్యానే దిక్కు. ఫ్యాన్ తిరగకపోయినా, మెల్లగా తిరిగినా, కండెన్సర్ రెక్కలు పూడుకుపోయినా ఇదే లక్షణం.

మన దగ్గర ఇది ఎక్కువ ఎందుకో చూడండి. బయట 43 డిగ్రీలుంటే కండెన్సర్‌లోని గ్యాస్ అంతకంటే బాగా వేడిగా ఉంటేనే ఆ వేడి బయటికి పోతుంది. ఊటీలో ఆ తేడా బోలెడుంటుంది, నంద్యాలలో మే నెల మధ్యాహ్నం బొటాబొటిగా ఉంటుంది. అలాంటప్పుడు రెక్కల మధ్య కొంచెం చెత్త చేరినా మొదట దెబ్బతినేది కూలింగే. చెత్త కూడా ఊరికో రకం. ఆదోనిలో పత్తి తోలే బండికి దూది పింజలు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు నాపరాయి తోలేవాళ్లకు తెల్లటి రాతిపొడి, నీళ్లు తగిలితే అది సిమెంటులా గట్టిపడుతుంది. ఉల్లిగడ్డ బండికి పొట్టు. ఎర్రగుంట్ల రోడ్డులో తిరిగేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పైగా మనవాళ్లు గ్రిల్ ముందు దోమతెర జాలీ కట్టేస్తారు, దుమ్ము పోకూడదని. దుమ్ము పోదు, గాలీ పోదు. దాని మీద మళ్లీ పెద్ద బంపర్ గార్డు, పేరు బోర్డు, దండ. దండ ఉండనీండి, జాలీ మాత్రం తీసేయండి.

కడగడం మీరే చేసుకోవచ్చు. పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, మామూలు పైపు నీళ్లతో. వీలైతే లోపలి వైపు నుంచి బయటికి కొట్టండి, చెత్త వచ్చిన దారినే పోతుంది. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొట్టనివ్వొద్దు. ఆ రెక్కలు అగ్గిపెట్టె అట్టకంటే పల్చన, వంగితే ఇక గాలి దూరదు.

ఇంకో రకం ఉంది. గాలి చల్లగానే ఉంది కానీ ఊదట్లేదు. బ్లోయర్ నాలుగులో పెట్టినా ఒకటిలో పెట్టినట్టుంది. అది ఫిల్టర్ కథ. డ్యాష్‌బోర్డు లోపల కేబిన్ ఫిల్టర్ ఉన్న మోడలైతే తీసి చూడండి. కొందరి ఫిల్టర్లు చూస్తే పొలం నుంచి మట్టి కోసి పెట్టారేమో అనిపిస్తుంది. ఫిల్టరే లేని బండ్లలో ఆ మట్టంతా నేరుగా కూలింగ్ కాయిల్ మీదే కూర్చుంటుంది, అప్పుడు డ్యాష్‌బోర్డు విప్పడం తప్పదు.

గాలి జోరుగా ఉంది, కానీ అస్సలు చల్లదనం లేదంటే బోనెట్ ఎత్తి, చేతులు దూరంగా పెట్టుకుని, లోపల ఇంకొకర్ని ఏసీ బటన్ నొక్కమనండి. కంప్రెసర్ ముందు "టక్" మని క్లచ్ పట్టుకున్న చప్పుడు రావాలి. రాలేదా? ఫ్యూజు పోయి ఉండొచ్చు, రిలే పోయి ఉండొచ్చు, గ్యాస్ బాగా తగ్గి ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆపేసి ఉండొచ్చు. ఫ్యూజు, రిలే చిన్న ఖర్చులు, ముందు వాటినే చూడమనండి. ప్రెషర్ స్విచ్ దగ్గరికొచ్చేసరికి కొందరు మెకానిక్‌లు "డైరెక్ట్ చేసేద్దాం అన్నా" అంటారు. ఒప్పుకోకండి. గ్యాస్ లేకపోతే ఆయిల్ తిరగదు, ఆయిల్ తిరగకపోతే కంప్రెసర్ పట్టేస్తుంది. వందల్లో పోయేది వేలల్లోకి పోతుంది.

కడప నుంచి రాయచోటి పోతూ గువ్వలచెరువు ఘాట్‌లో ఏసీ దానంతటదే ఆగిపోయి, దిగేటప్పుడు మళ్లీ వస్తోందని ఒకరు రాశారు. లోడుతో ఎక్కుతున్నప్పుడు ఇంజిన్ వేడి పెరిగితే చాలా బండ్లు ఏసీని తామే కట్ చేస్తాయి. అది జబ్బు కాదు, జాగ్రత్త. కానీ ప్రతి ఎక్కుడులోనూ అలాగే అవుతుంటే ఏసీని వదిలేసి కూలెంట్ ఎంతుందో, రేడియేటర్ ఎలా ఉందో చూడండి. లోడు ఎంత వేశారో కూడా చూసుకోండి, నేను ఆ విషయం ఇక్కడితో ఆపేస్తా.

"ఇంత తతంగం ఎందుకు, అద్దాలు దించుకుంటే పోలా" అనే పెద్దలు ప్రతి ఇంట్లో ఉంటారు. ఫిబ్రవరిలో వాళ్ల మాట నిజమే. కానీ బయటి వేడి 40 డిగ్రీలు దాటాక ఫ్యాన్ గాలి ఒంటిని చల్లబరచకపోగా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. అద్దం దించితే వచ్చే వడగాలి అంతకంటే ఏం మేలు? మధ్యాహ్నం రెండింటికి మైదుకూరు దగ్గర ఆ గాలి మొహానికి తగులుతూ స్టీరింగ్ పట్టుకున్నవాడికి అది సుఖం గురించిన మాట కాదని తెలుసు. తల తిరుగుతుంది, కళ్లు మూతలు పడతాయి, ముందున్న లారీ దూరం తప్పుగా అనిపిస్తుంది.

ప్రభుత్వం కూడా ఈ సంగతి ఒప్పుకుంది, కాకపోతే సగమే. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే లారీల కేబిన్లకు ఏసీ తప్పనిసరి చేస్తూ కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2023 డిసెంబర్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. అది ఎన్2, ఎన్3 తరగతులకు, అంటే 3.5 టన్నులు దాటిన బండ్లకు. మన పికప్‌లు దానికి లోపల ఎన్1లో ఉంటాయి. పెద్ద లారీ డ్రైవర్‌కి తగిలే ఎండే పికప్ కుర్రాడికీ తగులుతుంది కదా అని నాకనిపిస్తుంది. ఇప్పటికైతే కొనేటప్పుడు ఏసీ ఉన్న మోడల్ అడిగి తీసుకోవడం, ఉన్నదాన్ని కాపాడుకోవడం మన చేతిలోనే ఉంది.

ఇక లీకు దొరికి, బాగు చేయించి, గ్యాస్ పట్టించే రోజు వచ్చిందనుకోండి. షెడ్డులో నిలబడి మూడు మాటలు అడగండి, సిగ్గుపడొద్దు. నైట్రోజన్ పెట్టి లీకు చూశారా? వ్యాక్యూమ్ ఎంతసేపు పెడతారు? (అరగంట తగ్గకూడదు. లోపల గాలి, తేమ ఉంటే కొత్త గ్యాస్ కూడా సరిగ్గా పనిచేయదు.) ఎన్ని గ్రాములు ఎక్కిస్తారు? బోనెట్ కింద స్టిక్కర్ మీద ఆ లెక్క సాధారణంగా రాసే ఉంటుంది. "ఇంకొంచెం ఎక్కువ వేస్తా, ఇంకా సల్లగా వస్తాది" అంటే వద్దనండి. ఎక్కువైనా కూలింగ్ తగ్గుతుంది, కంప్రెసర్ మీద బరువు పడుతుంది. చవకని వంట గ్యాస్ లాంటివి కలిపే మాట ఎవరైనా ఎత్తితే బండి తీసుకుని వచ్చేయండి. అంటుకునే గ్యాస్‌ను మనిషి కూర్చునే కేబిన్ పైపుల్లో పెట్టడం ఏ లెక్కన చూసినా పిచ్చిపనే.

ఎండలో నిలబెట్టిన బండి ఎక్కగానే రెండు నిమిషాలు అద్దాలు దించి నడపండి, లోపలి సెగ పోతుంది. తర్వాత అద్దాలెత్తి, లోపలి గాలే తిరిగే బటన్ నొక్కండి. బండి కింద నీళ్ల చుక్కలు పడట్లేదని ఒకరు కంగారు పడ్డారు. విజయవాడలో అయితే ధార కడుతుంది, మన పొడిగాలిలో తేమే తక్కువ కాబట్టి మే నెలలో చుక్కలూ తక్కువే. నీళ్లు బయట పడకుండా కాళ్ల దగ్గర మ్యాట్ తడుస్తుంటే మాత్రం డ్రెయిన్ పైపులో మట్టి ఇరుక్కుంది, ఊదిస్తే సరిపోతుంది. ఇంకొకటి, షెడ్డు లోపల, గోడల మధ్య ఇంజిన్ ఆన్‌లో పెట్టి, అద్దాలు మూసి, ఏసీ వేసుకుని పడుకోకండి. పొగ కేబిన్‌లోకి చేరితే నిద్రలో తెలీదు. వేపచెట్టు నీడ, దించిన అద్దం, తడి తువ్వాలు, ఒక గంట కునుకు. సాయంత్రం నాలుగు తర్వాత బయల్దేరండి.

వచ్చే వారం బ్యాటరీలు. ఎండాకాలంలో అవి ఎందుకు చస్తాయో అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు.